ధాత కఱవునుండి జాతీయ సహాయనిధి వఱకు

తెలుగుదేశమున కఱవులకు సంవత్సరముల పేర్లు నిలిచిపోయినవి. 1832-33లో గుంటూరు మండలమును పాడుచేసిన క్షామము నందన కఱవు. 1876-77లో దక్షిణాపథమునంతను కాల్చివేసినది ధాత కఱవు. ఏ రాజు ఎప్పుడు పట్టమెక్కెనో మఱచిన పల్లెలు గూడ ఈ పేర్లను మఱవలేదు. ఆకలి జ్ఞాపకము అంతటి గట్టిది. అయితే ఆ కఱవులలో ఆకొన్నవారికి కూడెవరు పెట్టిరి, ఆ కూటికి డబ్బెక్కడనుండి వచ్చెను, అది యెవరికి చేరెను, ఎవరికి చేరలేదు అను సంగతులు మాత్రము అంతగా ప్రచారమున లేవు. నేడు భారతదేశమున ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి యను పేర నున్న సంస్థ ఆ ప్రశ్నలకు దేశము క్రమక్రమముగా వెదకికొనిన సమాధానములలో నొకటి. స్వరాష్ట్రమునకు వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగువారికి ఈ చరిత్రతో గల సంబంధము కొంత ప్రత్యేకమైనది.

అన్నదాతల కాలము

నిధులు లేని కాలమున దాతలుండిరి. సత్రములు, దేవాలయములు, సంపన్నగృహస్థుల వాకిళ్లు ఆకలిగొన్నవారికి శరణ్యములు. 1866నాటి కాటకమున కర్నూలు మండలమందలి ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యపుగాదెలను తెఱచి వేలకొలది జనులకు అన్నము పెట్టించి విక్టోరియా రాణి బహూకరించిన పతకమును పొందెను. కోనసీమలో లంకల గన్నవరమునకు చెందిన డొక్కా సీతమ్మ (1841-1909) వేళయనక, కులమనక వచ్చినవారికెల్ల వడ్డించి అన్నపూర్ణయని పేరు వహించెను. ఇట్టివారి పేర్లు తలచుకొనుట పుణ్యమే.

కాని దాత యొక్క చేయి ఎంత పొడవైనదైనను అది ఆ దాత వాకిలినుండి కొన్ని ఆమడల దూరము వఱకే చాచుకొనగలదు. నందన కఱవున గుంటూరు ప్రాంతమందలి సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల వఱకు నశించిరని ఆనాటి లెక్కలు చెప్పుచున్నవి. ఆ మండలమున దాతలు లేకపోలేదు. పంట పోయినపుడు దాతయు పంట పోగొట్టుకొన్నవాడే యగుట అసలు కష్టము. కఱవు లేని చోటి ధనము కఱవున్న చోటికి రావలెనన్నచో వ్యక్తికంటె పెద్దదగు ఏర్పాటు కావలెను. సహాయనిధి యను భావమునకు మూలమిదియే.

1877నాటి మద్రాసు సభ

ధాత కఱవు మద్రాసు, బొంబాయి రాజధానులను, మైసూరు, హైదరాబాదు సంస్థానములను ఒక్కపెట్టున పట్టుకొనినది. బ్రిటిషు ప్రాంతములలోనే సుమారు 55 లక్షలమంది మరణించిరని ఒక అంచనా. మైసూరు సంస్థానము తన 50 లక్షల ప్రజలలో దాదాపు 10 లక్షలమందిని కోల్పోయెను. తెలుగు మాటలాడు కుటుంబములు దట్టముగా నున్న కోలారు సీమ ఆ సంస్థానమున మిక్కిలి దెబ్బతిన్న భాగములలోనిది.

అప్పటి ప్రభుత్వము చూపు ఖర్చు మీదనే యుండెను. 1877 ఆరంభమున రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ పనిచేయు మగవానికి రోజుకు ఒక పౌను, అనగా నేటి కొలతలో 450 గ్రాముల ధాన్యమును, దానిపై స్వల్పమగు నాణెమును చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఆ కూలి మనిషిని నిలుపజాలదని గట్టిగా వాదించి, కొన్ని నెలలకు దానిని సవరింపజేసెను. ఆ కూలి ఎంతయైనను, అది పనికి రాగలవారికే. మంచము పట్టినవారు, పసివారు, వీధిలోనికి రాని స్త్రీలు, రాతిపనికి చేతులు పనికిరాని నేతగాండ్రు ఏమి కావలెను?

1877 ఆగస్టు 4వ తేదీన మద్రాసులో గవర్నరు బకింగ్‌హాము ప్రభువు అధ్యక్షతన ఒక బహిరంగసభ జరిగెను. దక్షిణభారత ప్రజలకు సహాయము చేయుమని లండను మేయరునకు తంతి పంపిరి. ఆ తంతికి బదులుగా ఆరంభమైనదే మాన్షన్ హౌస్ నిధి. మద్రాసు కార్యసంఘమునకు గౌరవ కార్యదర్శి విలియం డిగ్బీ యను పత్రికాసంపాదకుడు. అతడే మఱుసటి సంవత్సరము ఆ కాటకచరిత్రను రెండు సంపుటములుగ ప్రకటించెను. ఇంగ్లండునుండియు వలసరాజ్యములనుండియు కలిసి దాదాపు 8 లక్షల పౌండ్లు వచ్చినవి.

ఈ ధనము వినియోగమున ఒక విశేషము గలదు. కూలినిచ్చి ప్రాణము నిలుపుట ప్రభుత్వపు పనియైనది. వర్షములు కురిసిన పిదప రైతు చేతికి విత్తనములు, కాడికి ఎద్దు, ఇంటికి కప్పు ఇచ్చి మరల నిలువబెట్టుట దాతృనిధి పనియైనది. ప్రాణము నిలుపుట వేఱు, బ్రతుకు నిలుపుట వేఱు అను తారతమ్యము అప్పుడే స్పష్టపడినది.

ప్రభుత్వపు పనులకు సాక్షిగా నేటికిని బకింగ్‌హాము కాలువ మిగిలియున్నది. మద్రాసు నగరములో అడయారు, కూవము నదులను కలుపు భాగమును 1877-78లో కఱవు కూలీలచేతనే త్రవ్వించిరి. ఉత్తరమున బాపట్ల జిల్లాలోని పెదగంజామునుండి దక్షిణమున మరక్కాణము వఱకు సాగు ఆ జలమార్గము తెలుగుదేశమును తమిళదేశమును ఒక్క త్రాటితో కట్టినట్లుండెను. ఆ కాలువకు భాషాభేదము లేదు. త్రవ్విన చేతుల ఆకలికి గూడ లేదు.

నాలుగు ప్రయోజనములు

1880లో సర్ రిచర్డు స్ట్రాచీ అధ్యక్షతన క్షామసంఘము తన నివేదికను సమర్పించెను. 1883 మొదలుకొని రాష్ట్రములవారీగ క్షామ నిబంధనావళులు ఏర్పడినవి. ఎప్పుడు పనులు తెఱవవలెనో, ఎంత కూలి ఇయ్యవలెనో, ఎవరికి ఉచితముగా ఆహారము పెట్టవలెనో వానిలో వ్రాసిరి. దయాధర్మముగా నున్న సహాయములో కొంతభాగము అప్పటినుండి పాలకుల విధియైనది.

అయినను నిబంధన ఎంత విపులమైనను దాని అంచులకు వెలుపల మనుష్యులు మిగిలిపోవుదురు. 1897లో అఖిలభారత దాతృనిధిని తెఱచినపుడు దాని ప్రయోజనములను నాలుగుగా నిర్ణయించిరి. ప్రభుత్వమిచ్చు బొటాబొటి ఆహారమునకు తోడుగా రోగులకు, వృద్ధులకు, శిశువులకు చిన్న చిన్న సౌఖ్యములు కూర్చుట మొదటిది. అనాథబాలురను పోషించుట రెండవది. చేయిచాచుటకంటె చావు మేలని తలంచు గౌరవకుటుంబములకును ఘోషాస్త్రీలకును గుట్టుగా తోడ్పడుట మూడవది. సర్వమును పోగొట్టుకొన్నవారికి విత్తనములు, పశువులు, పనిముట్లు కొనియిచ్చి తిరిగి బ్రతుకు మొదలుపెట్టించుట నాలుగవది. ఆ నిధికి సుమారు 1 కోటి 70 లక్షల రూపాయలు చేరినవి. ప్రభుత్వపు చేయి అందనిచోట ప్రజల చేయి అందవలెనను ఈ సూత్రమే తరువాతి నిధులన్నిటికిని పునాది.

1900లో జయపుర మహారాజగు మాధవసింగు 15 లక్షల రూపాయల విరాళమునిచ్చి భారతప్రజా క్షామనిధిని స్థాపింపజేసెను. 1890నాటి ధర్మాదాయ చట్టము ననుసరించి దానికి ధర్మకర్తలేర్పడిరి. అంతవఱకు కఱవు వచ్చినపుడు నిధి పుట్టుచుండెను, కఱవు పోయినపుడు నిధి మూతపడుచుండెను. అసలు చెక్కుచెదరకుండ, వడ్డీని ఆపదకు నిలువయుంచు పద్ధతి దేశవ్యాప్తముగా దీనితో మొదలైనది. ఒక సంస్థానాధీశుని ధనము ఎన్నడును ఆయన చూడని పల్లెలకు చేరు మార్గము ఏర్పడినది.

మగ్గపువారి కష్టము

ఈ ఏర్పాట్ల బలాబలములను తెలిసికొనుటకు షోలాపురము మంచి నిదర్శనము. తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములు బ్రతుకుతెరువుకై ఆ పట్టణమునకు చేరి, మగ్గములు నిలిపి, తరతరములుగా తెలుగు మాటలాడుచునే మరాఠీదేశపు పౌరులైరి. కఱవు వచ్చినపుడు రైతు వలె నేతగాడును చితికిపోవును. ధాన్యము వెల పెరిగినపుడు జనులు మొట్టమొదట మానుకొనునది క్రొత్తబట్ట. పొలము ఎండకమునుపే మగ్గము ఆగిపోవును.

క్షామ నిబంధనలలో ముఖ్యమైన పని రాళ్లు కొట్టుట, మట్టి మోయుట. నూలుపోగును తాకి దాని సన్నము చెప్పగల వ్రేళ్లు నెలరోజులు కంకర కొట్టినచో మరల మగ్గమునకు పనికిరావు. అందువలన నేతగాండ్రకు వారి వృత్తిలోనే పని కల్పింపవలెనను వాదము బయలుదేరెను. 1896-97లో బాలగంగాధర తిలకు షోలాపురపు వర్తకులతో ఆలోచించి, నూలు ఇచ్చి నేతపని చేయించుకొను పథకమొకటి ప్రతిపాదింపగా ప్రభుత్వామోదము లభింపలేదు. నిబంధనావళిలో లేనిది చేయుట అధికారులకు కష్టము. 1901లో మాక్‌డొనెల్ అధ్యక్షతన నివేదిక నిచ్చిన క్షామసంఘపు కాలమునకు నేతగాండ్రకు స్వవృత్తిలో సహాయము చేయవలెనను అభిప్రాయము బలపడినది.

ఇందు గమనింపదగినదేమనగా, ఆ నేతగాండ్రు తెలుగువారని యెవ్వరును వారిని త్రోసివేయలేదు. వారి కష్టము నిబంధన వ్రాసినవారి కంటబడలేదు, అంతియే. కంటబడజేయుటకు ఆ పట్టణమున నోరుగలవారు కొందఱు కావలసివచ్చిరి. సహాయచరిత్రలో ఈ సంగతి మరల మరల ఎదురగును.

నిరాశ్రయులకై పుట్టిన నిధి

1934 జనవరి 15వ తేదీన బీహారులో భూకంపము సంభవించినపుడు రాజప్రతినిధి పేర ఒక నిధియు, బాబూ రాజేంద్రప్రసాదు నాయకత్వమున ప్రజల సహాయసంఘమొకటియు పనిచేసినవి. దొరల సభలలో పుట్టిన నిధిభావము అప్పటికి దేశప్రజల స్వహస్తములలోనికి వచ్చినది.

1942లో బర్మాపై జపాను దండెత్తినపుడు లక్షలకొలది భారతీయులు అడవులు కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు పరుగెత్తిరి. వారిలో తెలుగువారు పెక్కుమంది. యానామునకు పొరుగుననే యున్న కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయినందున బర్మాలో తెలుగువారికి కోరంగీలనియే పేరు. ఆనాడు స్వతంత్రప్రభుత్వము లేదు, జాతీయనిధియు లేదు. మార్గమున మరణించినవారు మరణించిరి. చేరినవారు బంధువుల పంచల చేరిరి. నిరాశ్రయుడనగా నెవరో ఉత్తరదేశమువారికంటె మునుపే ఉత్తరాంధ్ర తీరమందలి పల్లెలకు తెలిసియుండెను.

1947లో దేశవిభజన జరిగి, లక్షోపలక్షల కుటుంబములు ఇల్లు వాకిళ్లు విడిచి వచ్చినవి. 1948 జనవరిలో ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ పాకిస్తానునుండి వచ్చిన నిరాశ్రయులకై దేశప్రజలను విరాళములడిగెను. అదియే ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి. ప్రధానమంత్రి, ఉపప్రధాని, ఆర్థికమంత్రి, కాంగ్రెసు అధ్యక్షుడు, టాటా ధర్మకర్తల ప్రతినిధి, వాణిజ్య పారిశ్రామిక సంఘముల ప్రతినిధి ఇందు నిర్వాహకసంఘ సభ్యులుగా నుండిరి. 1985లో ఆ సంఘము నిర్వహణభారమునంతను ప్రధానమంత్రికి అప్పగించెను.

ఈ నిధికి బడ్జెటునుండి ఒక్క రూపాయియు రాదు. అది కేవలము ప్రజల విరాళములతో నడచునది. పార్లమెంటు చట్టముచే ఏర్పడినదియు గాదు. సొమ్ము బ్యాంకులలో నిలువ వేయబడును. వ్యయము ప్రధానమంత్రి నిర్ణయము చొప్పున జరుగును. 1961నాటి ఆదాయపుపన్ను చట్టమున 80-జి సెక్షను క్రింద దాతలకు ఇచ్చిన మొత్తమంతటికిని మినహాయింపు కల్పించిరి. నిరాశ్రయులకొఱకు పుట్టినను దాని పని కాలక్రమమున విస్తరించినది. వఱదలు, తుపానులు, భూకంపములందు మృతులైనవారి కుటుంబములకు, పెద్దప్రమాదములలోను అల్లరులలోను నష్టపడినవారికి తక్షణసహాయము దాని ముఖ్యకర్తవ్యము. గుండె శస్త్రచికిత్స, మూత్రపిండముల మార్పిడి, పుట్టకురుపు వైద్యము వంటి భారీవ్యయమునకు ఓర్వలేని రోగులకు గూడ కొంత తోడ్పడుచున్నది. ఇటీవలి సంవత్సరములలో ఘోరప్రమాదములు జరిగినపుడు మృతుల కుటుంబమునకు 2 లక్షల రూపాయలు, గాయపడినవారికి 50 వేల రూపాయలు ప్రకటించుట తఱచుగా పత్రికలలో కాననగును.

తుపాను తెలిసికొనని సరిహద్దులు

తెలుగువారు ఒకే తీరున వలసపోయినవారు కారు. విజయనగరపు కాలమున సేనలతోను సేద్యముతోను తమిళదేశమునకు పోయినవారు కొందఱు. మగ్గముతో మహారాష్ట్రమునకు పోయినవారు కొందఱు. ఎక్కడికిని పోకుండగనే పొరుగువారైనవారును గలరు. 1936లో ఒడిశా ప్రత్యేకరాష్ట్రమైనపుడు బరంపురము తెలుగువారు ఇల్లు కదలకయే మద్రాసు రాజధానినుండి వేఱు రాష్ట్రములోనికి మాఱిరి. యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, నేడు పుదుచ్చేరికి చెందియున్నది.

ప్రకృతి ఈ గీతలను ఎఱుగదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి గోదావరి ముఖద్వారముల మీద విరుచుకొనిపడిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టము చేసి వేయిమందికి పైగా ప్రాణములు తీసినది. యానాము ఆ దెబ్బను పొరుగు గ్రామములతో సమానముగా తిన్నది. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పేర ఆ సంవత్సరమే ఒక తుపాను సహాయనిధి ఏర్పడగా, ఆదాయపుపన్ను చట్టమున దానికి ప్రత్యేకముగా పేరుపెట్టి చోటిచ్చిరి. కాని యానాము పాలనకేంద్రము 800 కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న పుదుచ్చేరి. ఒకే గాలి, ఒకే వాన, ఒకే భాష. కాగితము పంపవలసిన కచ్చేరి మాత్రము వేఱు.

1999 అక్టోబరు 29వ తేదీన ఒడిశా తీరమును మహాతుపాను తాకినది. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱుజామున లాతూరు జిల్లా కిల్లారిలో భూమి కంపించినది. 2004 డిసెంబరు 26వ తేదీన తమిళనాడు, పుదుచ్చేరి, ఆంధ్ర తీరములను ఉప్పెన ముంచినది. ఈ యుత్పాతములన్నిటిలోను ఆయా రాష్ట్రముల నిధులు తమ తమ ప్రజలకే ముందుగా పనిచేయును, అది వాని ధర్మము. తెలుగువారి రాష్ట్రములలో ప్రోగుచేసిన విరాళము షోలాపురపు తెలుగు మగ్గమునకో, బరంపురపు తెలుగు వీధికో తానై చేరునని చెప్పుటకు వీలులేదు. ఆయా రాష్ట్రముల పౌరులుగ వారికి అక్కడి నిధులయందు హక్కు గలదు. దేశపౌరులుగ జాతీయనిధియందు హక్కు గలదు. జాతీయనిధికి సరిహద్దు లేదు, అది దరఖాస్తుదారుని మాతృభాష అడుగదు. స్వరాష్ట్రమునకు వెలుపలనున్నవారికి అది విలువైన సంగతి.

లెక్క అడుగు హక్కు

నిధి ఎంత విశాలమైనదో దానిపై నమ్మకము అంత స్పష్టముగా నుండవలెను. 1877నాటి మద్రాసు సంఘము తన వ్యవహారమును అచ్చువేసి లోకమునకు చూపెను. ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి లెక్కలను ప్రభుత్వమునకు వెలుపలి ఆడిటరు పరిశీలించును. అయితే అది సమాచారహక్కు చట్టమునకు లోబడునా యను ప్రశ్నపై 2018లో ఢిల్లీ హైకోర్టునందలి ఇద్దఱు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయులైరి. 2020 మార్చిలో కోవిడు మహమ్మారి నాడు పీఎం కేర్స్ పేర మఱియొక నిధి స్థాపింపబడగా, దానిని గూర్చియు ఇట్టి చర్చయే చెలరేగెను. పార్లమెంటుకు వెలుపలనుండి, ప్రజల దానముతో నడచు సొమ్మునకు లెక్క యెవరు అడుగవలెను? త్వరగా ఇచ్చు స్వేచ్ఛ కావలెనని ఒకరందురు, ఇచ్చినదెల్ల కనబడవలెనని మఱియొకరందురు. రెండు వాదములును ఆపన్నుని మేలుకొఱకే. రెంటికిని చోటుండిననాడే నిధికి గౌరవము.

2005నాటి విపత్తు నిర్వహణ చట్టముతో ప్రభుత్వములకు ప్రత్యేకముగా విపత్తు నిధులు విధింపబడినవి. కావున దాతృనిధి అవసరము తీఱినదని అనుటకు వీలులేదు. 1897లో వ్రాసిన నాలుగు ప్రయోజనములు నేటికిని చెల్లుచున్నవి. నిబంధన అంచున మిగిలిపోవు వితంతువు, చేయిచాపలేని వృద్ధుడు, తడిసిన పాఠ్యపుస్తకముతో నిలుచున్న బాలుడు, పడుగు తెగిన మగ్గము నేడును గలవు.

ఈ చరిత్రలో దాత పేరు, రాజు పేరు, ప్రధాని పేరు కనిపించును. పుచ్చుకొన్నవారి పేర్లు ఎక్కడను లేవు. షోలాపురపు నేతగాండ్ర కష్టమును ఆ పట్టణమునందలి వారు చెప్పినందుననే దేశము వినెను. జాతీయనిధి మాతృభాష నడుగదు నిజమే, కాని దరఖాస్తు వ్రాయవలసినది మాత్రము ఏదో యొక భాషలోనే. కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ చదువనేర్చిన తెలుగు పిల్లవాడు ఆపద్దినమున తన వీధిలోని అవ్వకు అర్జీ వ్రాసియిచ్చినచో, బుడ్డా వెంగళరెడ్డి గాదె తెఱచిన పుణ్యములో అతనికిని కొంత పాలు దక్కును. ప్రవాసాంధ్ర సంఘములు ఉత్సవమునకు ఎంత శ్రద్ధతో సభ్యుల పట్టికలు వ్రాసికొనుచున్నవో, గాలివానకు ముందే తమ వీధులలోని ఒంటరివారి పట్టికను అంత శ్రద్ధతో వ్రాసియుంచుట యుక్తము. నిధి ఢిల్లీలో నుండవచ్చును. అది చేరవలసిన ఇంటి గుర్తు ఆ వీధివారికే తెలియును.